దొరసాని మీద నేరం

ఫారం వెనక వంటగది, మధ్యాహ్నం. ఫారం యజమాని నిన్నటి నుంచి ఆసుపత్రిలో ఉన్నాడు. అతని భార్య పొయ్యి దగ్గర నిలబడి ఉంది. పందుల తెలివితేటల మీద పీహెచ్‌డీ చేస్తూ ఏడాదిగా ఆ ఫారంలోనే మకాం పెట్టిన అమ్మాయి బురద బూట్లతో గుమ్మం దాకా వచ్చింది.

“ముందు కరిచిందా, ముందు తోసిందా?”

“మళ్లీ మొదలుపెట్టావా, చదువులమ్మా? పొద్దున చెప్పానుగా.”

“పొద్దున నాతో తొక్కింది అన్నావక్కా. మీ మరిదితో కరిచింది అన్నావు.”

“తోసింది, తొక్కింది, కరిచింది. అన్నీ చేసింది. పంది మీద పడితే క్యూలో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి చేస్తుందా ఏంటి? బూట్లు అక్కడే విప్పు. ఇప్పుడే తుడిచాను.”

“వరసగానే చేస్తుంది. అదేగా నా చదువు. కోపం వచ్చిన పంది ముందు ఆగుతుంది. చెవులు వెనక్కి పెడుతుంది. పక్కకి తిరిగి భుజం ఆనిస్తుంది. ఆ తర్వాతే నోరు తెరుస్తుంది. ఊరికే మీద పడదక్కా.”

“అయితే ఆగే ఉంటుంది. నేను చూడలేదు.”

“నువ్వక్కడే ఉన్నానన్నావు.”

“ఉన్నాను. గడ్డి వైపు తిరిగి ఉన్నాను. కేక వినబడి చూశాను. టీ తాగుతావా?”

“వద్దు. ఆ చేతికేమైంది?”

“గిన్నె కాలింది.”

“కాలితే గుడ్డ అంత బిగించి కడతారా?”

“నువ్వు పందుల డాక్టరువా, మనుషుల డాక్టరువా?”

“ఇంకా ఏ డాక్టరునీ కాలేదు. అయ్యేలా కూడా లేను. మీ మరిది సాయంత్రానికి కసాయిని తెస్తానన్నాడు. ఆ పందిని, నా దొరసానిని కోసేస్తే నా పనంతా కుప్పకూలుతుంది.”

“అక్కడ మనిషి దవడ విరిగి పడుంటే నీకు నీ చదువు గొడవ.”

“చదువు ఒక్కటే కాదు. చెయ్యని తప్పుకి దాన్ని కొయ్యడం ఏంటక్కా?”

“పందిని కొయ్యాలంటే అది తప్పు చెయ్యాలా? ఇన్నాళ్లూ మేం వాటిని విచారణ చేసి కోశామనుకున్నావా?”

“మిగతావి వేరు. దొరసాని జోలికి రానని ఓనరుగారు మాటిచ్చారు. నా చదువు అయ్యేదాకా ముట్టుకోనన్నారు.”

“ఆయన మాట.”

“ఏంటక్కా?”

“ఏం లేదు. జరుగు, పాలు పొంగుతున్నాయి.”

“ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. నిన్న నేను టౌనుకి వెళ్లేముందు దాని గది గొళ్ళేనికి తీగ చుట్టి వెళ్లాను. బయటి నుంచి విప్పితే తప్ప రాదు. మరి దొరసాని బయటికెలా వచ్చింది?”

“ఆయనే విప్పారు. నీళ్లు పెడదామని.”

“నీళ్లు గొట్టంలో వస్తాయి.”

“గొట్టం పూడుకుపోయింది.”

“పొద్దున చూశాను. ధారగా వస్తోంది.”

“అయితే తిండి పెడదామని వెళ్లి ఉంటారు. నన్ను పీక్కుతింటావేంటే? నీ కెమెరా ఉందిగా గోడకి. పగలూ రాత్రీ దాన్నే చూస్తూ ఉంటుందన్నావు. దాన్నడుగు ఎవరు ఎవర్ని కరిచారో.”

“నిన్న కరెంటు లేదు. ఏమీ పడలేదు.”

“ఏమీ?”

“ఏమీ.”

“అయ్యో.”

“అయ్యో అనేవాళ్లు అలా ఊపిరి వదలరక్కా.”

“ఇక ఊపిరి వదలడానికి కూడా నిన్ను అడగాలి కాబోలు. పాలు చల్లారనీ, వెళ్లు. నీ పని నువ్వు చూసుకో.”

“నాతో ఒక్కసారి షెడ్డులోకి రా.”

“రాను.”

“ఒక్కసారి.”

“రానన్నాను.”

“పొద్దుట్నుంచి అది తిండి ముట్టలేదు. నువ్వు పెడితే తింటుందేమోనని.”

“...పద. చెప్పులేవీ?”

షెడ్డు. చివరి గదిలో ఆడపంది గోడకి వీపు ఆనించి పడుకుంది.

“చూశావా, నీ అడుగు వినగానే లేచింది. పొద్దుట్నుంచి నేను పిలుస్తుంటే చెవి కూడా కదపలేదు.”

“ఆకలేసి లేచింది.”

“తిండి నా చేతిలో ఉంది. అది నీ దగ్గరికి వచ్చింది. ఆ కట్టు మీద మూతి పెట్టి ఎలా వాసన చూస్తోందో చూడు. మనిషి మీద పడ్డ పంది మర్నాడు ఇలా ఉంటుందా?”

“మూతి నిండా ఆ రక్తం చూడవేం? ఆయనది కాదా అది?”

“దానిదే. ఇలా వంగి చూడు. మూతి చీలింది. పందికి ఒళ్లంతటిలో సున్నితమైంది అదే. కళ్లకంటే మూతితోనే ఎక్కువ చూస్తుంది. తోటి పందిని పలకరించాలన్నా మూతే. అక్కడ ఎవరో చూసి చూసి కొట్టారు.”

“ఇనప కడ్డీకి కొట్టుకుని ఉంటుంది.”

“వీపు మీద కూడా కడ్డీలు కొట్టాయా? ఈ వాతలు చూడు. అటొక గీత, ఇటొక గీత, మధ్యలో తెల్లగా. గుండ్రటి పైపు గట్టిగా పడితే అలా తేలుతుంది. కంటి పక్కన కూడా ఉంది. ఆ కన్ను పోతుందో ఏమో.”

“మరీ అంత జాలి పడకు. దీని జాతిని నువ్వేం తక్కువ కొట్టించావా?”

“నేనా?”

“ఎండాకాలంలో రెండు గుంపుల్ని తెచ్చి ఒకే గదిలో కలిపావు చూడు. ఆ రోజు ఈ గోడలు నేను కడిగాను. చెవులు ఊడి చర్మం మీద వేలాడాయి. ఒకదాని పొట్ట చీలి పేగు బయటికి వచ్చింది. అది ఆ పేగు తొక్కుకుంటూ పారిపోతుంటే వెనకది తోక పట్టుకు లాగింది. అరుపులకి నేను చెవులు మూసుకున్నాను. నువ్వు గోడమీద కూర్చుని చూశావు.”

“ఆ పేగు బయటపడ్డదాన్ని కుట్టించానుగా. బతికింది.”

“బతికింది. ఇంకోసారి కలపడానికి.”

“నేను కలపకపోయినా కలుపుతారక్కా. ప్రతి ఫారంలో కలుపుతారు. లారీలో కలుపుతారు. ఎలా కలిపితే తక్కువ చస్తాయో ఎవరో ఒకరు చూడాలిగా.”

“తెలిసిందా మరి?”

“తెలిసింది. దొరసాని ఉన్న గదిలో తక్కువ. అది దెబ్బలాటలోకి దిగదు. అయిపోయాక లేచి ఓడిపోయినదాని దగ్గరికి వెళ్లి మెడ మీద మూతి పెడుతుంది. అది వణుకుతూ ఉంటుంది, కాసేపటికి వణుకు తగ్గుతుంది. ఆ తర్వాత కొట్టినదాని దగ్గరికీ వెళ్తుంది. దాని పక్కన నిలబడి చెవి నాకుతుంది. ఇంక అది మళ్లీ లేవదు. అన్ని పందులూ చెయ్యవక్కా ఇది. నూటికి ఒకటి. అలాంటిది మీ ఆయన మోకాలు విరగ్గొట్టిందంటే నేను నమ్మాలా?”

“నువ్వు నమ్మకపోతే దానికేం? పోలీసులు నమ్మారు.”

“పోలీసులు ఆయన ప్యాంటు చూడలేదు. నేను చూశాను. టౌను నుంచి వచ్చేసరికి బండిలోకి ఎత్తుతున్నారు, కాళ్లు పట్టుకుంది నేనే. ఎక్కడా చిరుగు లేదు. పంది కరిస్తే గుడ్డా చర్మమూ కలిసి వస్తాయి. తోస్తే కింద నుంచి పైకి ఎత్తేస్తుంది, పిక్క మీదో తొడ మీదో. మోకాలి చిప్ప ముందు నుంచి లోపలికి పోదు. దవడ అసలే అందదు.”

“కింద పడ్డాక అందింది.”

“కింద పడ్డాక మొహం మీద గిట్టల గుర్తులుండాలి. లేవు. పైనుంచి కొట్టిన దెబ్బలక్కా అవి. మనిషే కొట్టాడు.”

“నోరు మెల్లగా.”

“ఎవరో నాకు తెలుసు.”

“...ఏం తెలుసు?”

“నువ్వు చెప్పలేవు. ఎందుకు చెప్పలేవో కూడా తెలుసు. పొద్దుట్నుంచి పందిని కొయ్యాలి, పందిని కొయ్యాలి అని తొందరపడుతున్నదెవరు? కసాయికి ఫోను చేసిందెవరు?”

“ఎవరు?”

“మీ మరిది.”

“వాడా? పిచ్చా నీకు?”

“అన్నదమ్ములకి పడదని ఊరంతటికీ తెలుసు. పోయిన వారం ఇదే షెడ్డులో కాలర్లు పట్టుకున్నారు. పంది మీద పెట్టేసి, పందిని మాయం చేస్తే అయిపోతుందనుకున్నాడు. నేను ఎస్సై దగ్గరికి వెళ్తున్నాను. ఈ వాతలు ఫొటో తీసి చూపిస్తాను.”

“వెళ్లకు.”

“అతనంటే భయమా నీకు?”

“వాడంటే భయమేంటి? ఈ ఇంట్లో కాపురానికొచ్చినప్పట్నుంచీ ఆ చిన్నోడికి అన్నం పెట్టాను. వాడూ నాలాగే తిన్నవాడే.”

“ఏం తిన్నాడు?”

“ఏదో తిన్నాడులే. వాడి జోలికి పోకు. వాడు కాదు.”

“నీకెలా తెలుసు?”

“తెలుసు.”

“గడ్డి వైపు తిరిగి ఉన్నానన్నావు. కేక వినబడి చూశానన్నావు. అతను కాదని ఎలా...”

“వాడు కాదంటున్నానా.”

“...అక్కా.”

“ఊ.”

“ఆ కట్టు విప్పు.”

“వద్దు.”

“విప్పక్కా.”

“విప్పితే ఏం చేస్తావు? చూడు. చూశావుగా. ఈ రెండు వేళ్లూ ముడవడం లేదు. చిటికెన వేలు ఉందో లేదో కూడా తెలియట్లేదు.”

“ఇవీ అవే గీతలు.”

“అదే పైపు మరి. ఏం, ఆగిపోయావు? ఇందాకటి నుంచి లాయరులాగ వాదించావుగా. అడుగు.”

“నాకు అడగాలని లేదు.”

“ఇప్పుడు లేదు. చెప్తాను విను. పందుల్ని కోతకి తీసుకెళ్లే లారీ వస్తోందని ఆయన దొరసానిని కూడా తోలమన్నారు. ఆ చదువుకునే పిల్లకి మాటిచ్చారు కదండీ అన్నాను. పందికి మాటేంటి అన్నారు. పందికి కాదు పిల్లకి అన్నాను. ఆయన తీగ విప్పి లోపలికి వెళ్లారు. ఇది లేవలేదు. కూర్చుండిపోయింది. నీకు తెలుసుగా దీని మొండితనం. పైపు తీశారు.”

“వీపు మీద కొట్టారా ముందు?”

“వీపు మీద, తర్వాత మూతి మీద. అది అరిచిన అరుపుకి షెడ్డులో మిగతావన్నీ బిగుసుకుపోయాయి. ఒక్కటీ కదల్లేదు. నేను వెళ్లి పైపు పట్టుకున్నాను. నా తప్పు అదే. పైపు లాక్కుని, నా చెయ్యి గోడకి పెట్టి, పట్టుకున్న వేళ్ల మీదే చితక్కొట్టారు. తర్వాత మెడ మీద. ఈ కొంగు తీస్తే చూడలేవు. కింద పడ్డాను, మొహం పేడలో ఉంది. అప్పుడు ఇది లేచింది.”

“దొరసానా?”

“ఇదే. నా దగ్గరికి వచ్చి మెడ మీద మూతి పెట్టింది. దెబ్బలు తిన్న పందికి చేస్తుందని చెప్పావే, అదే. దాని మూతిలోంచి నా మెడ మీదికి రక్తం కారుతోంది. ఆయన నవ్వారు. ఇద్దరికీ జోడీ కుదిరిందే అన్నారు. అని దాని కంటి మీద కొట్టారు. ఆయనకి పేడలో కాలు జారి ఒక్క క్షణం పైపు చేతిలోంచి జారింది.”

“నువ్వు తీశావు.”

“తీశాను. మొదటిది మోకాలి మీద పడింది. పడిపోయారు. అక్కడితో ఆగాల్సింది. బయటికి పరిగెత్తి ఎవరినైనా పిలవాల్సింది. ఆగలేదు. మొదట తిట్టారు. తర్వాత నా పేరు పెట్టి పిలిచారు. పెళ్లయ్యాక అదే మొదటిసారి నా పేరు ఆ నోట రావడం. ఇన్నేళ్లూ ‘ఏయ్’, ‘ఓసేయ్’. పేరు వినగానే నాకేదో అయింది. నోటి మీదే వేశాను. పళ్లు పేడలో పడ్డ చప్పుడు వినిపించింది. ఇంకా వేసేదాన్నే. ఈ వేళ్లు పట్టు తప్పాయి.”

“ఆ తర్వాత?”

“పైపు కడిగాను. పంది, పంది అని అరిచాను. అందరూ వచ్చారు. బండి ఎక్కిస్తుంటే నువ్వూ వచ్చావు.”

“ఇంతకు ముందు కూడా కొట్టేవారా?”

“అదేం ప్రశ్న?”

“నేను...”

“ఏడాదిగా ఈ గోడమీద కూర్చున్నావు. ఏ పంది చెవి మీద ఎన్ని గీతలు పడ్డాయో, ఏది కొత్తది, ఏది పాతది, అన్నీ కళ్లతోనే చెప్పేస్తావు. నేను రోజూ నీకు టీ పట్టుకొచ్చాను. నా మెడ కనపడలేదా?”

“కనపడింది.”

“మరి?”

“మీ ఇంటి విషయం అనుకున్నాను.”

“పందుల ఇంటి విషయం మాత్రం నీకు కావాలి. ఏడవకు. నిన్ను ఏడిపించడానికి అనలేదు. ఒక రోజు చెప్పావు గుర్తుందా, బక్కపంది సంగతి? తిండి ఎక్కడ దాచారో దానికి తెలుసు. పెద్దపంది చూస్తున్నంతసేపూ తెలియనట్టు అటూ ఇటూ తిరుగుతుంది, పెద్దది అటు తిరగ్గానే పోయి తింటుంది అన్నావు. దానికి అంత తెలివి ఎక్కడిదో అని ఆశ్చర్యపోయావు. నాకైతే నవ్వొచ్చింది. పాపం, మొగుడున్నదేమో అనుకున్నాను.”

“ఇప్పుడేం చేద్దాం అక్కా?”

“ఏముంది? పందే అని ఉండనీ. దీన్ని కోస్తారు. నాకూ మనసొప్పడం లేదు. నా మెడ మీద మూతి పెట్టింది ఇది ఒక్కటే. కానీ నేను జైలుకెళ్తే దీనికి మాత్రం ఎవరు తిండి పెడతారు? నువ్వు నోరు మూసుకుంటావా, మూసుకోవా? అది చెప్పు.”

“లారీ చప్పుడు.”

“చిన్నోడే. కళ్లు తుడుచుకో. మూసుకుంటావా?”

“ఆ కట్టు కట్టనీ ముందు. చెయ్యి ఇలా పెట్టు.”

యజమాని తమ్ముడు షెడ్డు లోపలికి వచ్చాడు. అన్నలాగే ఆరడుగుల మనిషి.

“ఇద్దరూ ఇక్కడే ఉన్నారా? వదినా, అన్నకి తెలివి వచ్చింది.”

“వచ్చిందా?”

“దవడకి తీగలు వేశారు. పళ్ల సందుల్లోంచి మాట్లాడుతున్నాడు. మేడమ్, మిమ్మల్ని ఒకటి అడగాలి. ఈ పందితో ఏడాది తిరిగారు. మనిషి మీద పడే రకమేనా ఇది?”

“పడింది.”

“నేనడిగింది పడే రకమేనా అని.”

“రకం సంగతి కాదండీ. పడింది. నేను చూశాను.”

“నిన్న మీరు టౌన్లో ఉన్నారుగా.”

“త్వరగా వచ్చేశాను. ఆ గోడ పక్కనుంచి చూశాను. ముందు తోసింది. ఆయన కింద పడ్డాక మోకాలు కరిచింది.”

“దవడ?”

“తొక్కింది.”

“మరి మీ చదువు? దొరసానంత సాధుజంతువు లేదని ఊరంతా చెప్పారు. మీ గైడుగారికి కూడా చూపించారు.”

“తప్పు చెప్పాను. నాకు తెలిసింది అంతే. రాసిందంతా చించేస్తాను.”

“పోలీసులడిగినా ఇదే చెప్తారా?”

“సంతకం పెట్టి చెప్తాను.”

“చదువులమ్మా, వద్దు.”

“నువ్వూరుకో అక్కా.”

“మీ సంతకం అక్కర్లేదు మేడమ్. ఎస్సై వచ్చి అన్ననే అడిగాడు. పందే అన్నాడు.”

“ఎవరు?”

“అన్న. పందే తిరగబడింది, ఇంట్లో ఎవరిమీదా అనుమానం లేదు అన్నాడు.”

“ఆయన అన్నారా? పంది అని? తన నోటితో?”

“మరేమంటాడు వదినా? వార్డు నిండా జనం. పెళ్లాం కొట్టిందని చెప్పుకుంటాడా?”

“...చిన్నోడా.”

“డాక్టరు నాకు ఎక్స్‌రే చూపించాడు. పంది పనో పైపు పనో నాకు తెలియదా? నా భుజం ఎముక ఇలా వంకరగా ఎందుకు అతుక్కుందో నీకు తెలుసు. కట్టు కట్టింది నువ్వేగా.”

“తెలిసే కసాయికి ఫోను చేశావా?”

“పంది పోతే మాట కూడా పోతుందనుకున్నాను.”

“అయితే కేసు లేనట్టేగా. ఆయనే పందన్నారు కాబట్టి అక్కని ఎవరూ ఏమీ అనరు.”

“ఎవరూ ఏమీ అనరు మేడమ్. కానీ ఎస్సై వెళ్లాక నన్ను దగ్గరికి రమ్మన్నాడు. కసాయిని వద్దని చెప్పమన్నాడు.”

“దొరసానిని కొయ్యొద్దన్నారా?”

“ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. ఎల్లుండి ఇంటికి వచ్చేస్తాట్ట, చంకల్లో కర్రలతోనైనా సరే. అప్పటిదాకా పంది ఆ గదిలోంచి కదలకూడదన్నాడు. వదిన గేటు దాటకూడదన్నాడు. వచ్చి రెండిటినీ తనే చూసుకుంటాట్ట.”

“రెండిటినీ అన్నాడా?”

“అదే మాట. అని నవ్వాడు. తీగలు లాగి చిగుళ్లలోంచి రక్తం వచ్చినా నవ్వాడు.”

“చేతులకేమైనా దెబ్బలున్నాయా?”

“లేవు వదినా. చేతులు బాగానే ఉన్నాయి. ఇదిగో తాళం. గేటుకి వెయ్యమన్నాడు, దారిలో కొన్నాను. కొనకూడదనే అనుకున్నాను. కానీ వాడి గొంతు వింటే ఇప్పటికీ నా కాళ్లు వాడి మాటే వింటాయి.”

“అక్కా, నాతో వచ్చెయ్. మా హాస్టల్లో ఉందువుగాని. ఇప్పుడే వెళ్దాం.”

“వస్తాడు.”

“హాస్టల్లోకి రానివ్వరు.”

“మా అమ్మ వాళ్లింటికి పోయినప్పుడు మా అన్నయ్య గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. అన్నయ్యని తోసేసి వీడు నా జుట్టు పట్టుకుని రోడ్డు మీద లాక్కొచ్చాడు. ఆగిన బస్సులోంచి జనం చూస్తూ కూర్చున్నారు గానీ ఎవరూ దిగలేదు. మొగుడూ పెళ్లాలు అన్నారు. నీ హాస్టలు వాచ్‌మన్ మాత్రం ఏమంటాడు?”

“మరెలా? నేను పందేనని చెప్తాను. ఎంతమంది ముందైనా చెప్తాను.”

“నువ్వు పందన్నావు. నేను పందన్నాను. ఇప్పుడు వాడూ పందే అంటున్నాడు. ముగ్గురం కలిసి ఒకే పాట పాడుతున్నాం. ఇది ఎవరికి పనికొస్తోందో ఆలోచించావా?”

“నీకే కదా అక్కా.”

“నాకే అనుకున్నాను, ఇందాకటి దాకా. నిన్న ఇక్కడ ఏమీ జరగలేదు, పంది తిరగబడింది, అంతే. ఎస్సై రాసుకుని వెళ్లిపోయాడు. ఎల్లుండి నా తల పగిలినా అంతే. ఆ ఫారంలో పందులు మంచివి కావు పాపం, మొన్న మొగుణ్ణి, ఇవాళ పెళ్లాన్ని అంటారు. నువ్వు సంతకం కూడా పెట్టి ఉంటావు.”

“వదినా, ఈ తాళం ఏం చెయ్యను?”

“బావిలో పారెయ్. లారీ వెనక తలుపు దించు. దొరసానిని ఎక్కించాలి.”

“నేను తోలితే ఎక్కదు.”

“తోలొద్దు. చదువులమ్మ ముందు నడుస్తుంది, దొరసాని తన వెనకే నడిచి వస్తుంది. కొట్టకపోతే ఎక్కడికైనా వస్తుంది ఇది. చదువులమ్మా, ఆ గీతలు ఏ పైపువో చెప్పడం నీకొచ్చుగా?”

“వచ్చు.”

“దాని వీపు మీదవీ, నా వేళ్ల మీదవీ, నా మెడ మీదవీ. అన్నీ ఒకటేనని చదువుకున్నదానివి నువ్వు చెప్తే వింటారు. సంతకం దానికి పెట్టు.”

“ఎక్కడికి వదినా, లారీ?”

“పోలీస్ స్టేషన్‌కి. కొట్టింది పంది కాదు, నేనని చెప్తాను. మొదట్నుంచీ చెప్తాను, నీ భుజం నుంచి.”

“అక్కా, నిన్ను లోపల పెడతారు.”

“పెట్టనీ. ఆ గది తాళంచెవి వాడి దగ్గర ఉండదుగా.”